ముల్లు దిగిన గంట

గేజి ముల్లును పదిహేను మీద నిలబెట్టాడు, పదిహేను మీదే ఉంది, కళ్ళు చికిలించి చూసినా పదిహేనే, అయినా దాని వాలకం చూస్తే అతనికి నమ్మబుద్ధి కావడం లేదు. రేడియేటరు మూత తీసేసి ఆ మూతి మీద చేతిపంపు బిగించి, లోపలున్న నీళ్ళ మీద గాలి ఒత్తిడి ఎక్కించి, ఇంజను స్టార్టు చెయ్యకుండా గంటసేపు ఎదురుగా కూర్చోవడం, ఇదీ పరీక్ష. గంట గడిచినా ముల్లు కదలకపోతే ఇంజను సుద్దపూస. దిగిందా, ఎక్కడో చిల్లుంది, ఎవడో చేసిన పాడుపని ఉంది. ఎవడో అనుకోగానే అతని చూపు ముల్లు మీంచి జారి, షెడ్డు అవతలి గోడకు తగిలించిన తమ్ముడి నీలం చొక్కా మీద పడింది, మళ్ళీ ముల్లు మీదికి వచ్చింది. పంపు అరువుది, పక్క వీధి షెడ్డు వాళ్ళది, సాయంత్రానికల్లా తిరిగి ఇచ్చెయ్యాలి. అసలు వాళ్ళ ముల్లు మాత్రం నిజం చెబుతుందని నమ్మకం ఏమిటి? గేజి అద్దం మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. ముల్లు వణికి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ అక్కడే నిలబడింది.

కారు నర్సమ్మది. పురుళ్ళు పొయ్యడానికి పగలనక రాత్రనక ఊళ్ళు పట్టుకు తిరిగే మనిషి. ఇంజను నట్టు నట్టూ విప్పి, కొత్త పిస్టన్లు, కొత్త బేరింగులు, కొత్త గాస్కెట్టు వేసి, కట్టి ఇచ్చి నెల కాలేదు, మూడుసార్లు వెనక్కి తెచ్చింది. రోజుకు అర లీటరు నీళ్ళు మాయం. కింద చుక్క పడదు, పొగగొట్టంలో తెల్లపొగ రాదు, నూనెలో నీళ్ళు కలిసిన జాడ లేదు. బండి ఆపిన కాసేపు ఎక్కణ్ణించో ఒక తీపి వాసన మాత్రం వస్తుంది, అది రేడియేటరులో పోసే ఆకుపచ్చ మందునీళ్ళు ఉడికిన వాసన, వెతకబోతే అదీ ఉండదు. మూడోసారి వచ్చినప్పుడు ఆవిడ కేకలేమీ వెయ్యలేదు. "మేస్త్రిగారూ, దారిలో ఆగిపోతే నాకేం కాదు. నా కోసం నొప్పులు పడుతూ ఎదురుచూసే మనిషికి అవుతుంది" అంది. అదైనా అతని మొహంలోకి చూస్తూ, ఒక్కొక్క మాటా విడదీసి, బడిపిల్లాడికి పాఠం చెప్పినట్టు. ఆ విడదీయడం అతనికి నచ్చలేదు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి మామూలుగా ఇంకేదో అంది, అది అతనికి అందలేదు, తమ్ముడు నేలచూపులు చూస్తూ తలూపాడు. అది అసలే నచ్చలేదు.

తమ్ముడు ఇప్పుడు షెడ్డులో లేడు. రేడియేటరు మూత పాతదేమో, ఒత్తిడి ఆపడం లేదేమో, కొత్తది తెస్తానని బయల్దేరాడు. బయల్దేరుతూ గుమ్మంలో నిలబడి వెలుతురుకు వీపు పెట్టి ఏదో గొణిగాడు. ఈమధ్య అందరూ గొణగడమే. ఒకప్పుడు మనుషులు నోరు తెరిచి మాట్లాడేవాళ్ళు, ఇప్పుడు మాటల్ని నోట్లోనే నానబెట్టుకుని సగం మింగేసి మిగతా సగం ఊస్తున్నారు. అతను తలూపి పంపించేశాడు. వెళ్ళడానికి అరగంట, రావడానికి అరగంట. ఈ గంటలో ముల్లు సంగతీ తేలిపోతుంది, తమ్ముడి సంగతీ తేలిపోతుంది. వాక్యం కూడా సిద్ధంగా పెట్టుకున్నాడు. రేపట్నించి నీ పని నీది, నా పని నాది. ముప్ఫై నాలుగేళ్ళ షెడ్డు, బండి కింద దిగి పని చేసే రెండు గోతులు, ఒక కప్పు. మధ్యలో ఒక రేకుల గోడ. గోడ ఎక్కడ రావాలో నిన్నే కళ్ళతో కొలిచేశాడు కూడా, బల్ల దగ్గర మొదలై పనిముట్ల గూడు దాకా, నీలం చొక్కా అటువైపు పడుతుంది.

పదిహేను. కాదు, పదిహేనుకు వెంట్రుకవాసి కింద. కాదు, తను తల వంచి చూస్తున్నాడు గనక అలా కనబడుతోంది. మొదట అతని అనుమానం లేతు మేస్త్రి మీద. సిలిండర్ల మీద కూర్చునే హెడ్డు అడుగు చదును చేసి తెమ్మంటే, చేసి పంపాడో, మసి తుడిచి పంపాడో ఎవడు చూశాడు? అడగడానికి వెళ్తే ఆ మిషను పక్కన నిలబడి పెదాలు ఆడించాడు, నవ్వాడు, భుజం తట్టాడు. నీళ్ళు నమిలే మనిషే భుజం తడతాడు. తర్వాత విడిభాగాల కొట్టువాడు. గాస్కెట్టు పెట్టె మీద అచ్చు కాస్త అలికినట్టు ఉంది, అసలైన సరుకు మీద అచ్చు అలుకుతుందా? తర్వాత టిక్కు రెంచి. బోల్టుకు ఎంత బిగువు కావాలో ముందే దాని పిడి మీద పెట్టుకుంటే, అంత బిగువు రాగానే టిక్కుమని చెప్పే రెంచి. పాతది రెండేళ్ళ కింద టిక్కుమనడం మానేసింది, తమ్ముడే కింద పడేసి ఉంటాడు, అడిగితే లేదన్నాడు. కొత్తది కొన్నారు. అదీ రెండు నెలలు మూలిగి మూగబోయింది. ఇంకోటి కొన్నారు, అది పుట్టు మూగ. వరసగా మూడు రెంచీలు చెడిపోతాయా ఎక్కడైనా, ఎవడూ చెయ్యి పెట్టకుండా? టిక్కుమన్నప్పుడు చేతికి కూడా చిన్న అదురు తెలుస్తుందంటారు గానీ, నలభై ఏళ్ళు సుత్తి పట్టి కాయలు కాసిన అరచేతికి ఆపాటి అదురు ఏ మూలకు? కంపెనీ వాళ్ళను నాలుగు తిట్టి, చేతి అంచనాతోనే బిగిస్తున్నాడు. చేతి అంచనా తనకు కొత్తా? పెద్ద మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నప్పుడు ఏ రెంచి టిక్కుమంది?

పెద్ద మేస్త్రి. నడుస్తున్న ఇంజను మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, కట్టెపిడి చెవికి నొక్కుకుని, కళ్ళు మూసుకునేవాడు. లోపల ఏ బేరింగు అరిగిందో, ఏ వాల్వు ఆలస్యంగా మూస్తోందో ఆ పిడిలోంచి ఆయన చెవిలోకి నడిచి వచ్చేది. అన్నదమ్ములిద్దరికీ నేర్పాడు, వచ్చింది మాత్రం అతనికే. తమ్ముడికి చేతులున్నాయి, వీడికి చెవులున్నాయి అని ఆయనే అన్నాడు, అప్పట్నించి బండ్లవాళ్ళందరికీ అతను చెవి మేస్త్రి. బండి మలుపు తిరక్కముందే ఫలానావాడి బండి వస్తోంది, మూడో సిలిండరు కొట్టడం లేదు అనేవాడు. జనం పందాలు వేసుకుని మరీ చూసేవాళ్ళు. ఈమధ్య అతను ఆ విద్యకు ఇంకో మెరుగు పెట్టాడు. పిడి చెవికి పెట్టుకోవడం మానేసి పళ్ళ మధ్య కరిచి పట్టుకుంటున్నాడు. అబ్బ, ఎంత తేటగా వస్తుంది శబ్దం, పుర్రె అంతా మోగుతుంది! పెద్ద మేస్త్రికే తట్టని సంగతి. ఒకరోజు అలా పిడి కరుచుకుని ఇంజను వింటుంటే తమ్ముడు పని ఆపి తనవంకే చూస్తూ నిలబడిపోయాడు. కుళ్ళు కాకపోతే ఏమిటా చూపు? పిడి నోట్లోంచి తీసి "ఏం చూస్తున్నావు?" అన్నాడు. తమ్ముడు ఏం లేదన్నట్టు తలాడించి బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. వాడి కళ్ళు తడిగా ఉన్నట్టు అనిపించింది, పెట్రోలు ఆవిరి అయి ఉంటుంది.

పద్నాలుగున్నర. ఇది తల వంచడం కాదు, ఇది దిగడమే. అతను లేచి కారు చుట్టూ తిరిగాడు, కింద అట్టముక్క పరిచి పడుకుని చూశాడు, గొట్టాల పట్టీలన్నీ తడిమాడు, అన్నీ పొడి. మళ్ళీ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. షెడ్డు ఎంత నిశ్శబ్దంగా ఉంది. ఈ వీధికి ఇంత నిశ్శబ్దం ఎప్పుడు వచ్చిందో, ఒకప్పుడు ఎదురుగా కట్టెకోత మిషను చెవులు చిల్లులు పడేలా అరిచేది. మిషను ఇప్పటికీ ఉంది, బద్దలు బయటికి వస్తూనే ఉన్నాయి, కొత్త మోటారు పెట్టించి ఉంటారు. ఇంట్లోనూ అంతే. రేడియో గొంతు పెంచితే భార్య వచ్చి తగ్గించేస్తుంది. వంటింట్లో గోడతో మాట్లాడి, తనకు చెప్పానంటుంది. తమ్ముడు వచ్చిన రోజు ఇద్దరూ పెరటి గుమ్మంలో నిలబడి ఒకటే గుసగుసలు, తను రాగానే ఆవిడ చెంగు సర్దుకుని లోపలికి. ఆ మర్నాడు భోజనం డబ్బాలో, మూత కింద, మడత పెట్టిన చీటీ. చెవుల డాక్టరు చిరునామా. రాత ఆవిడది కాదు, తమ్ముడిది, వాడి సున్నాలు కోడిగుడ్లలా ఉంటాయి, తనకు తెలియదా? చెవి మేస్త్రికి చెవుల డాక్టరు! నలిపి నూనెగుడ్డల డబ్బాలో పారేశాడు. అప్పుడే అర్థమైంది ఇదంతా గూడుపుఠాణీ అని. అన్నయ్యకు వినపడదు అని నలుగురి చెవినా వేసి, మెల్లగా పక్కన కూర్చోబెట్టి, షెడ్డు తన చేతిలోకి తీసుకోవాలని వాడి ఎత్తు. నర్సమ్మకు కూడా ఉప్పందించి ఉంటాడు, అందుకే ఆ విడదీసి చెప్పడం.

అలా అనుకుంటూ ఉండగానే ఒక ఆలోచన అతని వెన్నులో చల్లగా పాకింది. మనిషిని పక్కన కూర్చోబెట్టాలంటే ముందు అతని పని చెడాలి. పని దానంతటది చెడకపోతే?

లేచాడు. ఇంజను పైమూత బోల్టులు విప్పి, మూత ఎత్తి పక్కన పెట్టాడు. ఈ షెడ్డుకు పెద్ద మేస్త్రి పెట్టిపోయిన చట్టం ఒకటుంది. హెడ్డు బోల్టు బిగించినవాడు దాని తల మీంచి కింది లోహం దాకా రంగుతో ఒక గీత గీయాలి. అతనిది తెలుపు, తమ్ముడిది పసుపు. గీత పడ్డ బోల్టు జోలికి ఇంకొకడు పోకూడదు, పోతే బిగించినవాణ్ణి నమ్మలేదని అర్థం, చెంపదెబ్బ కంటే ఎక్కువ. ఒకసారి ఒక పనివాడు పెద్ద మేస్త్రి గీసిన బోల్టును ఊరికే, చూద్దామని, కాస్త తిప్పాడు. సాయంత్రం దాకా కూడా ఆగలేదు ఆయన, వాడి స్పానర్ల సంచి వీధిలో పెట్టించాడు. నర్సమ్మ ఇంజనులో పది బోల్టులు. పదీ తనే బిగించాడు, పది తెల్లగీతలూ తన చేత్తోనే గీశాడు. టార్చి వేసి వంగాడు.

గీతలు విరిగి ఉన్నాయి. మొదటి బోల్టు తల మీద తెలుపు ఒకచోట ఆగింది, లోహం మీద తెలుపు దానికి పావు అంగుళం అవతల మొదలైంది. రెండోది అతుక్కునే ఉంది. మూడోది విరిగింది, నాలుగోది విరిగింది, వెనక్కి విరిగింది, అంటే తమ్ముడు వదులు చేశాడు. ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాడు. పదింటిలో ఏడు. తిప్పాడు. తను ఇంటికి వెళ్ళాక, తను గీసిన గీతల మీద రెంచి వేసి తిప్పాడు. దొరికావురా. ముప్ఫై నాలుగేళ్ళు పక్కన నిలబెట్టుకుని, నా చేతి పని మీద చెయ్యి వేస్తావట్రా, ఒక పురుటినొప్పుల మనిషి ప్రాణం మీదికి తెస్తావట్రా, షెడ్డు కోసం! టార్చి పక్కకు జారింది, ఆ జారిన వెలుతురులో ప్రతి బోల్టు పక్కనా ఆవగింజంత పసుపు చుక్క కనిపించింది. పదింటికి పది, విరిగిన గీతల పక్కనా, విరగని గీతల పక్కనా. దొంగపని చేసినవాడు తన గుర్తు పెట్టి పోతాడా? పొగరా? అంత పొగరు ఎప్పుడు వచ్చింది వాడికి?

రెండో గోతి మీద రొట్టెల వాను నిలబడి ఉంది, వెనక తలుపు గొళ్ళెం బాగుచెయ్యడానికి వచ్చింది. దాని ఇంజను కూడా తనే కట్టాడు, ఏడాదిన్నర అయింది, ఇంతవరకు చుక్క నూనె కార్చలేదు, చుక్క నీళ్ళు తాగలేదు. నీ చేతిలో ఏదో ఉంది మేస్త్రీ అని రొట్టెలాయన ఊరంతా చెప్పుకు తిరుగుతాడు. ఆ మాట ఎన్నిసార్లు నెమరు వేసుకున్నాడో. దాని పైమూత ఎందుకు విప్పాలనిపించిందో అతనికి తెలియదు, విప్పకపోయినా బాగుండేది. పాత నూనె పట్టి మసకబారిన తెల్లగీతలు, వాటిలో నాలుగు విరిగి ఉన్నాయి. పక్కన పసుపు చుక్కలు, ఏడాదిన్నర నాటివి, నూనెలో నల్లబడి. అతను గుడ్డతో ఒక చుక్కను తుడిచాడు, పోలేదు, ఇంకా పచ్చగా తేలింది. పని చెడగొట్టడానికే తిప్పి ఉంటే ఈ వాను ఎందుకు చెడలేదు? ఈ ప్రశ్న అతనికి వద్దు. మూత అలాగే వదిలేసి స్టూలు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. పదమూడున్నర. ముల్లును చూస్తే ముల్లు గురించే ఆలోచించవచ్చు.

కానీ మనసు మన మాట వినదు కదా. వాను తర్వాత కట్టిన జీపు, జీపు తర్వాత పాలవాడి ఆటో, తనకు మెప్పు తెచ్చిన ప్రతి ఇంజనూ వరసగా వచ్చి ఎదురుగా నిలబడి పైమూత ఎత్తి చూపించడం మొదలుపెట్టింది. రెండేళ్ళుగా తమ్ముడు సాయంత్రాలు ఆలస్యంగా ఇంటికి వెళ్ళడం. నువ్వు పదన్నయ్యా, షెడ్డు నేను కట్టేసి వస్తా అనడం. ఏ లావాదేవీలు పెట్టుకున్నాడో అని తను అనుమానించడం. మూడో రెంచి కొన్న రోజు, ఇదీ మూగదే అని తను బల్ల మీద విసిరేస్తే, తమ్ముడు దాన్ని తీసి ఒక బోల్టు మీద వేసి నెమ్మదిగా లాగి, ఆగి, తనవంక చూసి, గూట్లో పెట్టెయ్యడం. ఆగాడు. ఎందుకు ఆగాడు? ఆగినప్పుడు ఏదో జరిగింది. వాడికి జరిగింది, తనకు జరగలేదు. ఛ, ఛ, అంత మాట కాదు. రెంచి మూగదే. వీధి నిశ్శబ్దమే. అందరూ గొణుగుతున్నారు, అంతే. పదమూడు.

గుమ్మంలో వెలుతురు మారింది. తమ్ముడు, చేతిలో కొత్త మూత ఉన్న చిన్న అట్టపెట్టె. అతను లేచి నిలబడ్డాడు, సిద్ధం చేసుకున్న వాక్యాన్ని నాలుక మీదికి తెచ్చుకున్నాడు. తమ్ముడు గుమ్మం దాటి ఒక్క అడుగు వేసి ఆగిపోయాడు. విప్పి ఉన్న పైమూతల వంక చూడలేదు, అన్న వంక చూడలేదు, తల కొద్దిగా పక్కకు వంచాడు. ఆ వంచడం అతనికి బాగా తెలుసు, ఒకప్పుడు అది తనది. అట్టపెట్టె బల్ల మీద పెట్టి నేరుగా కారు దగ్గరికి వచ్చి, ఇంజనుకూ దాని వెనక రేకుగోడకూ మధ్య బెత్తెడు సందులోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, తడిమి, బయటికి తీసి చూపించాడు. వేలి కొన ఆకుపచ్చగా తడిసి ఉంది.

"ఇక్కడన్నయ్యా. హెడ్డు వెనక బిళ్ళ."

"నీకెలా తెలిసింది?"

తమ్ముడు దగ్గరికి వచ్చి, ఎదురుగా నిలబడి, మొహం వెలుతురు వైపు తిప్పుకుని, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. "బుస్సుమంటోంది. గుమ్మం దాకా వినపడుతోంది."

అతను బల్ల మీంచి స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. ఆగి ఉన్న ఇంజనులో వినేదేముందని ఇంతసేపూ దాని జోలికే పోలేదు. మొన ఆ మూల ఆనించి, పిడి పళ్ళ మధ్య కరిచి, కళ్ళు మూసుకున్నాడు. వచ్చింది. సన్నగా, ఎడతెగకుండా, పాము బుసలాగా. గంట నుంచి, మూరెడు దూరంలో, అది తనను పిలుస్తూనే ఉంది. అతనికి భయం వేసింది. ముసలితనం వచ్చినందుకు కాదు, ఇన్నాళ్ళూ ఇంకెన్ని పిలిచి ఊరుకున్నాయో అని.

హెడ్డు వెనక నీళ్ళదారికి మూతగా కొట్టే రేకుబిళ్ళ అది. ఇంజను కట్టేటప్పుడు సుత్తితో కొడతారు. కొడుతుంటే డంగు డంగుమంటుంది, సరిగ్గా కూర్చోగానే శబ్దం మారి ఠక్కుమంటుంది, అప్పుడు ఆపాలి. దానికి బోల్టు లేదు, గీత లేదు, శబ్దమే కొలత. ఆ రోజు తమ్ముడు లేడు, వాళ్ళ అత్తగారు కాలు విరగ్గొట్టుకుంటే ఆస్పత్రిలో ఉన్నాడు. బిళ్ళ కొట్టి, మసి గుడ్డతో తుడిచి, ఇంజను బండిలోకి ఎక్కించేసింది తనే. సగం కూర్చున్న బిళ్ళ సందులోంచి నీళ్ళు ఊరడం, వేడి ఇనుము మీద పడ్డది పడ్డట్టే ఆవిరైపోవడం, తీపి వాసన రావడం. ఇంజను మొత్తంలో తమ్ముడి పసుపు చుక్క పడనిది అదొక్కటే. కారింది అదొక్కటే.

"ఎన్నాళ్ళనుంచి తిప్పుతున్నావు, నా బోల్టులు?" అన్నాడు.

తమ్ముడు అప్పుడు చూశాడు విప్పి ఉన్న మూతల్ని. "రెండేళ్ళు. రెంచి టిక్కుమనేదాకా బిగిస్తున్నా, మరీ బిగిసినవి వదులు చేసి. పెద్ద మేస్త్రి ఉంటే నా సంచి వీధిలో పెట్టేవాడు."

"మరి చుక్క ఎందుకు పెట్టావురా? పెట్టకపోతే నాకు తెలిసేదే కాదు."

"బిగించాక గుర్తు పెట్టకుండా ఎలా?"

"నాతో చెప్పొచ్చుగా."

"ఏమని చెప్పనన్నయ్యా?" తమ్ముడి గొంతు తగ్గిందో ఏమో, ఆ తర్వాతి మాట అతనికి పెదాల మీద కనిపించింది. "చెవి మేస్త్రితో?"

గంట నుంచి నాలుక మీద మోస్తున్న వాక్యాన్ని అతను మింగేశాడు. సిగ్గుగా ఉంది, తమ్ముడి మొహం చూడలేనంత సిగ్గుగా ఉంది, దానితోపాటే గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టు కూడా ఉంది. పంపు గాలి వదిలేశాడు. ముల్లు సున్నాకు పడింది. ఇద్దరూ నీళ్ళు తోడారు, గొట్టాలు తప్పించారు, ఇంజనును బెత్తెడు ముందుకు జరిపారు. పాత బిళ్ళ పెరికి తీస్తే ఒక అంచు సరిగానే కూర్చుంది, రెండో అంచు గోరు మందాన పైకి లేచి ఉంది. తమ్ముడు దాన్ని జేబులో వేసుకోబోతే అతను తీసుకుని బల్ల మీద, అందరికీ కనబడేచోట పెట్టాడు.

గూట్లోంచి తీసిన కొత్త బిళ్ళను గుంటలో ఆనించి తమ్ముడు సుత్తి అందుకోబోయాడు. అతను ఇవ్వలేదు.

"నేనే కొడతా. నువ్వు అక్కడ, నాకు కనబడేచోట నిలబడు. శబ్దం మారగానే చెయ్యెత్తు."

తమ్ముడు రేడియేటరు అవతలికి వెళ్ళి వెలుతురులో నిలబడ్డాడు. అతను కొట్టాడు. బిళ్ళ వంక చూడలేదు, సుత్తి వంక చూడలేదు, మసి పట్టిన ఆ కుడిచేతి వంకే చూస్తూ కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. చెయ్యి కిందే ఉంది. నాలుగు, అయిదు. ఆరో దెబ్బకు చెయ్యి పైకి లేచింది. అతను సుత్తి ఆపి, ఆ చెయ్యి దిగేదాకా దానివంకే చూస్తూ నిలబడ్డాడు.